ఒక్క ఈతైనా ఈనాలా?

తాడేపల్లిగూడెంలో మా పిన్ని పెంచుకునే చిట్టికి రెండున్నరేళ్లు. తెల్లటి బొచ్చు, నిక్కబొడుచుకున్న చెవులు, నాలుగు కేజీల ఒళ్లు. చిన్నాన్నగారు పోయాక, చెల్లెలు విదేశంలో కాపురం పెట్టాక ఆ ఇంట్లో అలికిడంటూ ఉంటే అది చిట్టిదే. "ఈసారి ఎదకొచ్చినప్పుడు క్రాసింగ్ చేయిద్దామనుకుంటున్నాన్రా. ముందు ఏలూరులో డాక్టరుగారికి చూపిద్దాం, నువ్వు తోడురా" అని పిన్ని ఫోను చేసింది. పెంపుడు జంతువుల మీద ఏదైనా రాసిమ్మని సంపాదకులు కూడా అడిగి ఉన్నారు. రెండు పనులూ కలిసొస్తాయని బయల్దేరాను.

పిన్ని చెప్పిన కారణాలు మూడు. ఒక్క ఈతైనా ఈనకపోతే గర్భసంచికి జబ్బు చేస్తుందని వీధిలో వాళ్లంతా అంటున్నారు. కొన్నప్పుడు పెట్టిన డబ్బు ఒక్క ఈతతో తిరిగొచ్చేస్తుందని మగకుక్క ఉన్న కుర్రాడొకడు లెక్కగట్టి చెప్పాడు. అతను క్రాసింగ్‌కి డబ్బు కూడా అడగడట, పుట్టినవాటిలో తనకి నచ్చిన పిల్లనిస్తే చాలట. మూడో కారణం కారు గుండుగొలను దాటాక చెప్పింది. "ఇది మహా అయితే ఇంకో పదేళ్లుంటుంది. దీని కడుపున పుట్టింది ఒకటి ఇంట్లో తిరుగుతుంటే నాకు ధైర్యంగా ఉంటుందిరా."

మొదటి రెండింటినీ వాదించి కాదనొచ్చు. మూడోది అంత తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. ఆ కోరిక మీద గౌరవం ఉంది కాబట్టే ఇంత రాస్తున్నాను.

మేం వెళ్లిన పశువుల ఆసుపత్రిలో వరండా నిండా మేకలు, గొర్రెలు, ఇనుప చట్రంలో నిలబెట్టిన ఒక చూడి గేదె, చీటీల దగ్గర వరస ఉన్నాయి. వాటి వివరాల్లోకి వెళ్లను. లోపలి గదిలో ఒక రేకు బల్ల దగ్గర నిలబడిపోయాను, మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాను.

బల్ల మీద ఆకివీడు నుంచి తెచ్చిన బొచ్చుకుక్క. కాళ్లు నాలుగూ కర్రల్లా బిగుసుకుపోయి, ఒళ్లంతా వణుకుతూ, నోరు తెరుచుకుని రొప్పుతోంది. పళ్లు టకటకా కొట్టుకోవడం బయటికి వినపడుతోంది. జ్వరం 106 డిగ్రీలు. పక్కన అట్టపెట్టెలో నాలుగు పిల్లలు, మూడు వారాల వయసువి, బొద్దుగా ఉన్నాయి. "రాత్రి నుంచీ ఫిట్స్ వస్తున్నాయండీ, ఏదైనా కరిచిందేమో" అంటోంది తెచ్చినావిడ. ఆవిడ చేతిలో కాల్షియం టానిక్ సీసా ఉంది. కట్టిన మొదటి నెల నుంచీ క్రమం తప్పకుండా పట్టిస్తున్నానని చూపిస్తోంది.

ఆ కుక్కని పట్టుకున్న కాంపౌండరుగారికి అరవై దగ్గర పడుతుంటాయి. లావుపాటి వేళ్లు. కుడి అరచేతికి అడ్డంగా పాత తాడు ఒరుసుకున్న గీత, ఏ గేదె లాగినప్పటిదో. ఆ చేతుల్లో నాలుగు కేజీల కుక్క ఎక్కడ నలుగుతుందోనని భయమేసింది. ఆయన ఎడమచేతిని దాని గడ్డం కింద నుంచి పోనిచ్చి తలని తన పక్కటెముకలకి ఆనించుకున్నారు. కుడిచేత్తో ముందుకాలి మోచేతిని వెనకనుంచి పట్టి, బొటనవేలిని చర్మం మీద కొద్దిగా పక్కకి దొర్లించారు. వణుకుతున్న ఆ పుల్లలాంటి కాలి మీద నరం పైకి తేలింది. రెండు వేళ్ల మేర బొచ్చు కత్తిరించి, స్పిరిట్ రాసి, "ఊఁ, ఇవ్వండమ్మా" అన్నారు.

డాక్టరమ్మ సూది పెట్టి, స్టెతస్కోపు దాని గుండె మీద ఆనించి, సిరంజిలో ఉన్న నాలుగైదు మిల్లీలీటర్ల కాల్షియం గ్లూకోనేట్ ఎక్కించడం మొదలుపెట్టారు. చుక్క నొక్కడం, ఆగి గుండె వినడం, మళ్లీ నొక్కడం. తొందరపడితే గుండె ఆగిపోతుంది. అందుకని ఆవిడ కళ్లు మూసుకుని వింటున్నారు. కుక్క ఒంట్లో ఏం జరుగుతోందో కాంపౌండరుగారు చేతులతో చదివి చెబుతున్నారు. "దవడ వదిలిందమ్మా... వెనక్కాళ్లు ఇంకా బిగువుగానే ఉన్నాయి... ఇప్పుడు ఒంగుతోంది." ఇరవై నిమిషాలు పట్టింది. చివరికి కుక్క ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలి, తల తిప్పి అట్టపెట్టె వైపు చూసింది.

అప్పుడుగానీ ఆయన పట్టు సడలించలేదు. నేను ఆ చేతుల్ని చూస్తూ ఉండిపోయాను. చదువుతో వచ్చే నేర్పు కాదది. దశాబ్దాల పాటు పాకల్లో, వానల్లో, లాంతరు వెలుగులో గేదెల కడుపుల్లోకి మోచేతుల దాకా చెయ్యి పెట్టి, అడ్డం తిరిగిన దూడల్ని సర్ది బయటికి తీసిన చేతులు అవి. ఇప్పుడు అరచేతిలో పట్టే కూన ముక్కులోంచి ఉమ్మనీరు తీయడానికీ అవే పనికొస్తున్నాయి. ఆయన రిటైరైతే ఆ గదిలో ఆ పట్టు పట్టేవాళ్లెవరో ఎవరూ ఆలోచిస్తున్నట్టు లేదు. నాకు బాధ కలిగింది, కోపం కూడా వచ్చింది.

ఆ కుక్కకి వచ్చింది మన పాడి రైతులందరికీ తెలిసిన పాలజ్వరమే. గేదెకి ఈనిన రెండు మూడు రోజుల్లో వచ్చి, ఒళ్లు చల్లబడి, మెడ పక్కకి వాల్చి పడిపోతుంది. 450 మిల్లీలీటర్ల బాటిల్ ఎక్కిస్తే లేచి నిలబడుతుంది. చిన్నజాతి కుక్కకి ఈనిన రెండు మూడు వారాలకి, పిల్లలు జోరుగా తాగే రోజుల్లో వస్తుంది, ఒళ్లు కాలిపోతుంది. మూలం ఒక్కటే. పాలలోకి పోతున్న కాల్షియాన్ని ఒళ్లు భర్తీ చేసుకోలేకపోవడం. చూలుతో ఉన్నప్పుడు టానిక్ పట్టిస్తే రక్షణ అనుకుంటారు. జరిగేది దానికి తలకిందులుగా ఉంటుంది. బయటినుంచి దండిగా అందుతుంటే, ఎముకల్లోంచి కాల్షియం తీసి ఇచ్చే గ్రంథి పని మందగిస్తుంది. పాలు పడ్డాక ఒక్కసారిగా అవసరం వచ్చినప్పుడు అది మేలుకోదు. ఆవిడ ప్రేమగా పట్టించిన సీసానే కుక్కని బల్ల మీదికి తెచ్చింది. డాక్టరమ్మ ఆ మాట ఆవిడతో కటువుగా చెప్పలేదు. ఒక రోజంతా పిల్లల్ని తల్లి దగ్గరికి పోనివ్వొద్దని, వాటికి డబ్బా పాలు ఎలా పట్టాలో, ఇకముందు కాల్షియం ఎప్పుడు ఇవ్వాలో ఒక కాగితం మీద రాసిచ్చారు.

వాళ్లు వెళ్లాక కాంపౌండరుగారు చేతులు కడుక్కుంటూ, ఎవరితోనూ కానట్టుగా అన్నారు. "కట్టించే ముందు ఒక్కరూ రారండీ. బిడ్డ అడ్డం పడ్డాక రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తారు. గేదె ఎదకొస్తే మాత్రం తెల్లారకుండా వచ్చి నిలబడతారు."

ఈ వ్యాసం రాయించింది ఆ ఫిర్యాదే. ఆలోచిస్తే ఆయన మాటలో గోదావరి జిల్లాల వాళ్లం సిగ్గుపడాల్సింది చాలా ఉంది. జీవాల్ని చూలు కట్టించడంలో ఈ నేలకి ఉన్న తెలివి ఇంతా అంతా కాదు. ఊరూరా నాటు గేదెల్ని మూడు నాలుగు తరాల్లో ముర్రా వైపు మళ్లించిన రైతులు ఇక్కడివాళ్లు. కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర ఇంటికొచ్చి సూది వేస్తే, ఏ దున్న విత్తనమో, దాని తల్లి పూటకి ఎన్ని లీటర్లిచ్చిందో అడిగి తెలుసుకుంటారు. ఈతకీ ఈతకీ ఎంత ఎడం ఉండాలో ఆడవాళ్లకి వేళ్ల మీద లెక్క. 1962 నంబరుకి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ గుమ్మంలోకి వచ్చే ఏర్పాటు 2022 నుంచి ఉంది. పందెం కోళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఆ పందేలు నాకు గిట్టవు. కానీ భీమవరం చుట్టుపక్కల పుంజు కొనడానికి వెళ్లినవాడు ముందు అడిగేది తల్లి పెట్ట ఎవరింటిదని, తండ్రి ఎన్ని పందేల్లో నిలబడిందని. రోగమొచ్చిన పెట్టని గుడ్లకి పెట్టరు. ఒక్క లోపం కనిపిస్తే ఆ వరసనే ఆపేస్తారు.

అలాంటి ఊళ్లలో బొచ్చుకుక్క దగ్గరికొచ్చేసరికి ఆ తెలివంతా ఏమైపోతోంది? తెల్లగా ఉందా, బొచ్చు ఒత్తుగా ఉందా, పిల్లకి ఎంతొస్తుంది. ఇంతే. మగకుక్క ఎవరి బంధువో, దాని ఒంట్లో ఏ జబ్బుందో అడిగే నాథుడు లేడు. అన్న పిల్లనీ చెల్లెలు పిల్లనీ కలిపేవాళ్లున్నారు. పదిచోట్ల తిప్పిన మగకుక్క నుంచి జననాంగాల దగ్గర కాలీఫ్లవర్‌లాంటి గడ్డలు అంటుకుంటాయి. మన దేశంలో వీధికుక్కల్లో అది మామూలుగా కనిపించే, అంటుకునే క్యాన్సర్. కీమో సూది వారం వారం వేయించాలి. ఆ కుర్రాడి లెక్కలో ఈ ఖర్చు లేదు.

ఇంకో సంగతి. మనం పామేరియన్ అని పిలుచుకునేవాటిలో చాలాభాగం అసలు ఇండియన్ స్పిట్జ్ కుక్కలు. 1994లో వచ్చి తెలుగులో 'ప్రేమాలయం'గా ఆడిన 'హమ్ ఆప్‌కే హై కౌన్'లో కనిపించే టఫీ అనే కుక్క కూడా ఆ జాతిదే. ఈ ఎండలకి కొంత అలవాటుపడిన కుక్క అది. 2003లో పగ్ కుక్కతో హచ్ ఫోన్ల కంపెనీ ప్రకటన వచ్చాక ఆ జాతి మీద పిచ్చి పట్టింది. ముక్కు చప్పిడై, కృష్ణా గోదావరి ఉక్కలో ఊపిరాడక గురకపెట్టే జీవాన్ని ముద్దనుకుంటున్నాం. ఇప్పుడు ఇంకా చిన్నది, ఇంకా చిన్నది కావాలంటున్నారు. కుక్క ఎంత చిన్నదైతే నడుం ఎముకల సందు అంత ఇరుకవుతుంది, కూన తల మాత్రం ఆ కొలతకి తగ్గదు. పైగా చిన్నజాతి కడుపులో ఒక్కోసారి ఒకే ఒక్క పిల్ల పడుతుంది. తిండంతా దానికే చేరి పెద్దదైపోతుంది. నొప్పులు సరిగ్గా మొదలవడానికి కావలసిన సంకేతం కూడా ఒంటరి పిల్ల నుంచి బలంగా అందదు. అప్పుడు కడుపు కోయక తప్పదు.

మా వంతు వచ్చింది. డాక్టరమ్మ చిట్టిని బల్లెక్కించుకుని పళ్లు, గుండె, చన్నులు చూశారు. కాంపౌండరుగారు వెనక్కాలిని తన అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో మోకాలి చిప్పని లోపలి వైపుకి నెట్టారు. చిన్న టిక్కుమన్న కదలిక. చిప్ప గాడిలోంచి పక్కకి జారింది. కాలు చాపగానే మళ్లీ తన చోటికి వచ్చింది. రెండో కాలూ అంతే. "ఇది నడుస్తూ నడుస్తూ ఓ కాలు ఎత్తేసి గెంతుతుందామ్మా?" అనడిగారు డాక్టరమ్మ.

పిన్ని మొహం వెలిగింది. "అవునండీ! మూడు కాళ్ల మీద చెంగుమంటుంది. మా ఇంటికొచ్చినవాళ్లందరూ అది చూసి ముచ్చటపడతారు."

ఆ గెంతు జబ్బని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పారు. పొట్టి కుక్కల్లో తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వచ్చే లోపం. చిట్టికి ఇంకా మొదటి దశల్లోనే ఉంది. బరువు పెరగకుండా చూసుకుంటే నొప్పి లేకుండా చాలాకాలం బతుకుతుంది. కానీ దాన్ని చూలు కట్టిస్తే మాత్రం తెలిసి తెలిసి పిల్లల కాళ్లలో ఆ లోపం పెట్టినట్టే. పిన్ని ఏమీ అనలేదు. చిట్టి మోకాలి మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

గర్భసంచి జబ్బు మాట నేనడిగాను. ఈనడం వల్ల కుక్క ఆరోగ్యానికి ఒరిగేది ఏమీ లేదని డాక్టరమ్మ ఖాయంగా చెప్పారు. వయసు మళ్లిన ఆడకుక్కల్లో ఎద అయిపోయిన కొన్ని వారాలకి గర్భసంచిలో చీము పట్టడం నిజమే. అది ఈనినవాటికీ వస్తుంది, ఈననివాటికీ వస్తుంది. ఆపరేషన్ చేసి గర్భసంచి, అండాశయాలు తీసేస్తే ఆ భయమే ఉండదు. వీధిలో చెప్పుకునే మాట ఇంత తలకిందులుగా ఉంది. "ఒక్కసారైనా తల్లి కాకపోతే పాపం కదా" అన్నది మన మనసులో మాట. దాన్ని ఆడవాళ్ల మీద రుద్దడమే తప్పు. నోరు లేని దాని మీద రుద్దడం ఇంకా తప్పు. కుక్కకి పిల్లలు కావాలన్న తలపు ఉండదు. ఎదకి రావడం ఉంటుంది, అది దాటిపోవడం ఉంటుంది.

ఇంట్లో ఒక్క ఈత చూడటం అంటే ఏమిటో కూడా చెప్పాలి. అన్ని ఈతలూ గండాలు కావు. చాలా కుక్కలు ఎవరి సాయమూ లేకుండా అర్ధరాత్రి మంచం కింద ఈని, మాయ తానే తినేసి, తెల్లారేసరికి పిల్లలకి పాలిస్తూ కనిపిస్తాయి. చిక్కల్లా, ఏది అలా అవుతుందో, ఏది కాదో ముందు తెలియకపోవడమే. చూలు సుమారు 63 రోజులు. నెల దాటాక స్కానింగ్‌లో చూలు ఖాయం చేసుకోవాలి. 55 రోజులు దాటాక ఎక్స్‌రే తీయించి పిల్లలెన్నో లెక్కపెట్టించుకోవాలి. లేకపోతే లోపల ఇంకొకటి మిగిలిందో లేదో తెలియదు. చివరి వారం రోజూ రెండు పూటలా జ్వరం కొలవాలి. మామూలుగా 101 దాటి ఉండే వేడి 99 కిందికి దిగితే ఒక రోజులోపు ఈనుతుంది. గట్టి నొప్పులు అరగంట పడ్డాక కూడా పిల్ల బయటికి రాకపోయినా, మొదటి పిల్లకి ముందే ఆకుపచ్చ ద్రవం కారినా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. ఆ వెంటనే అన్నది రాత్రి రెండింటికి కావచ్చు. తాడేపల్లిగూడెంలో, ఆకివీడులో, లంక గ్రామాల్లో ఆ వేళకి కుక్క కడుపు కోసే డాక్టరు ఎంత దూరంలో ఉన్నారో కట్టించే ముందే తెలుసుకోవాలి. గన్నవరం పశువైద్య కళాశాల దాకా పరిగెత్తే ఓపిక, వాహనం, డబ్బు మన దగ్గరున్నాయా అని ప్రశ్నించుకోవాలి.

పుట్టాక మొదటి మూడు వారాలూ ఇంకో పరీక్ష. కూనలకి సొంత ఒంటివేడి నిలుపుకునే శక్తి ఉండదు. మూత్రం కూడా తల్లి నాకితేగానీ రాదు. రోజూ తూకం వేసి, ఏది తగ్గుతోందో పట్టుకోవాలి. తల్లికి పాలు లేకపోతే రెండు మూడు గంటలకోసారి, రాత్రనక పగలనక పట్టాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో టీకా మొదలుపెట్టి, నాలుగు నెలలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయిస్తూ పోవాలి. పార్వో వచ్చిన ఇంట్లో ఆ వైరస్ నెలల తరబడి నేలలో బతికుంటుంది. ఇదంతా అరవై ఏళ్ల మా పిన్ని ఒంటరిగా చేయాలి. ఆ కుర్రాడు ఒక పిల్లని తీసుకుని వెళ్లిపోతాడు.

చట్టం కూడా ఊరుకోదు. జంతు హింస నివారణ చట్టం కింద కుక్కల పెంపకం, అమ్మకాలకి 2017లో నిబంధనలు వచ్చాయి. పిల్లల్ని పుట్టించి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవాలి. 18 నెలలు నిండని ఆడకుక్కని కట్టించకూడదు. ఏడాదికి ఒక్క ఈత, జీవితం మొత్తంలో ఐదు ఈతలు మించకూడదు. 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. పాలు విడవని కూనల్ని, బేరం కుదిరిందని నెల రోజులకే సంచిలో పెట్టి ఇచ్చేస్తున్న ఇళ్లు మన చుట్టూ ఉన్నాయి. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. ఈ నిబంధనలున్నాయని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో కైకలూరు వైపు మళ్లాం. పిన్ని ఆడపడుచు వాళ్లకి అక్కడ చేపల చెరువులున్నాయి, పలకరించి వద్దామంది. పెదయడ్లగాడి వంతెన దాటి, గట్టు వెంబడి మకాం దగ్గరికి చేరాం. కాపలా ఉండే దంపతులది కొల్లేటి లంక గ్రామం. మకాం చుట్టూ మూడు నాటుకుక్కలు. ఎర్రటి పొట్టి వెంట్రుకలు, సన్నటి నడుం, కొత్త మనిషి వస్తే గట్టు మలుపులోనే నిలేసేంత చురుకు. నాలుగోది మాత్రం వాటితో కలవకుండా మంచం నీడలో పడుకుని ఉంది. ఒకప్పుడు తెల్లటిది. బొచ్చు ఉండలు కట్టి, బురద ఎండి, చెవుల వెనక గోమార్లు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. కాపలా ఆయన భార్య చేపల వల కత్తిరించే కత్తెరతో దాని బొచ్చు జాగ్రత్తగా తీస్తోంది. ఉండ కింద చర్మం పుండ్లు పడింది. అక్కడికి వచ్చేసరికి కత్తెర పక్కన పెట్టి వేళ్లతో పాయ పాయా విడదీస్తోంది. కుక్క కదలకుండా ఆవిడ మోకాలి మీద తల ఆనించి ఉంది.

"పట్నం నుంచి కార్లో తెచ్చి దింపారండీ. గట్టు మీదైతే హాయిగా తిరుగుతుందన్నారు. ఇలాంటివి ఇది మూడోది" అంది. ఇంకో పాయ విడదీశాక అంది. "మా కుక్కలు మాకు చాలండీ. ఊళ్లో వాళ్లకి ఎక్కువైనవన్నీ గట్టు మీదికే తోలతారు."

ఆ మాటకి పిన్ని తల వంచుకుంది. పిన్నికి అందులో ఏ తప్పూ లేదు. అయినా చిట్టికి నాలుగు పిల్లలు పుడితే తను ఉంచుకునేది ఒకటి, కుర్రాడు తీసుకునేది ఒకటి. మిగతా రెండూ ఎక్కడికెళ్తాయన్న ప్రశ్న మొదటిసారి కళ్ల ముందు కనిపించింది. అడిగినవాళ్లకి ఇస్తాం అంటాం. పిల్లగా ఉన్నన్నాళ్లు అందరూ అడుగుతారు. ఏడాది తిరిగేసరికి మొరుగుతుంది, కార్పెట్ పాడుచేస్తుంది, అద్దె ఇంటివాళ్లు ఒప్పుకోరు, అబ్బాయి హాస్టలుకి వెళ్లిపోతాడు.

మిగిలిందల్లా కొల్లేరు సరస్సుకి వదలడం మనకి ఎప్పటినుంచో ఉన్న అలవాటే. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరద, పట్టణాల మురుగు, పొలాల మందునీళ్లు అన్నీ ఇక్కడికే చేరతాయి. 1999లో అభయారణ్యమని ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2006లో ఆక్రమణ చెరువుల గట్లు కొట్టేశారు. 2024 సెప్టెంబరు వరదకి లంక గ్రామాల్లోకి మళ్లీ నీళ్లొచ్చాయి. తిండి లేక తిరిగే కుక్కలు ఆటపాక దగ్గర గూళ్లు కట్టుకునే గూడబాతుల్లాంటి పక్షులకి ప్రమాదమే. ఇన్ని బరువులు మోస్తున్న సరస్సు గట్టు మీదికి మనం ముద్దు తీరిన కుక్కల్ని కూడా తెచ్చి వదులుతున్నాం. వాటి బాధ్యత ఆ గట్టు మీద జీతానికి కాపలా ఉండే మనిషి మీద పడుతోంది. ఆ కుక్కకి కత్తెర పట్టిన చేతులకి ఎవరూ జీతమివ్వరు.

పిన్ని మూడో కారణానికి నాకు దొరికిన జవాబు ఇది. చిట్టి కడుపున పుట్టింది చిట్టి అవదు. దానికి వేరే స్వభావం, వేరే గొంతు, వేరే అలవాట్లు ఉంటాయి. చిట్టి రేపు పోతే ఆ బెంగ ఆ పిల్ల వల్ల తీరదు. ఇంట్లో ఇంకో ప్రాణి కావాలనుకోవడం మంచి కోరిక. దానికి చిట్టి ఒంటిని పణంగా పెట్టక్కర్లేదు. ఆ మకాం దగ్గరే ఒక నాటుకుక్క పిల్లలతో ఉంది. ఈ ఎండనీ ఈ వాననీ తట్టుకునే పొట్టి వెంట్రుకల పిల్లలు. పాలు విడిచాక ఒకదాన్ని తెచ్చి టీకాలు వేయించి పెంచుకుంటే, ఒక ప్రాణికి ఇల్లు దొరుకుతుంది, ఇంటికి తోడు దొరుకుతుంది. పిన్ని అప్పటికప్పుడు సరే అనలేదు. చిట్టికి ఆపరేషన్ చేయించడానికి మాత్రం మర్నాడే డాక్టరమ్మకి ఫోన్ చేసింది. ఎదకి ఇంకా వ్యవధి ఉంది కాబట్టి ఇదే సరైన సమయమని ఆవిడ అన్నారు.

ఇంట్లో చిన్న కుక్క ఉండి ఇదే ఆలోచనలో ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఇంతే. కట్టించకండి. తప్పదనుకుంటే ముందు ఆడకుక్కనీ మగకుక్కనీ పశువైద్యుడికి చూపించండి. మోకాళ్లు, గుండె, అంటుజబ్బులు పరీక్ష చేయించండి. రాత్రివేళ ఆపరేషన్ ఎక్కడ చేస్తారో కనుక్కోండి. పుట్టబోయే ప్రతి పిల్లకీ ఇల్లు ముందే ఖాయం చేసుకోండి. ఇచ్చినవాళ్లు వద్దంటే తిరిగి తెచ్చుకుంటామని మాటివ్వండి. వీటిలో ఒక్కటి చేతకాకపోయినా ఆ ఆలోచన మానుకోండి. పశుసంవర్ధక శాఖకి రెండు విన్నపాలు. ఏలూరు, భీమవరం లాంటి జిల్లా కేంద్రాల్లో రాత్రిపూట ఒక పశువైద్యుడు అందుబాటులో ఉండేలా చూడండి. ఆ కాంపౌండరుగారిలాంటివాళ్లు రిటైరయ్యేలోపు వాళ్ల పక్కన ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్లని నిలబెట్టి, ఆ పట్టు నేర్పించండి.